గిన్నెల హాజరు

పోస్టుడబ్బా కొట్టుకుపోయిన వరదకి మూడో ఏడు అది.

ఆ లంకలో సంవత్సరాలకి అంకెలుండవు, వరదలే ఉంటాయి. చొల్లంగి తాతబ్బాయి ఇంట్లో పిల్లల వయసులూ అంతే. పెద్దాడు బడిగోడ కూలిన వరదకి నడక నేర్చాడు. మధ్యవాళ్ళు వరదల్లేని ఏళ్ళలో పుట్టారు కాబట్టి వాళ్ళ వయసులు ఎవరికీ సరిగ్గా తెలియవు. ఎనిమిదోది చంటిది. పోస్టుడబ్బా వరదకి దానికి ఆరోనెల.

తాతబ్బాయి కొబ్బరికాయలు ఒలుస్తాడు. నేలలో పాతిన గునపానికి కాయని పొడిచి మూడుసార్లు తిప్పితే డొక్క ఊడి పక్కన పడుతుంది. రోజుకి వెయ్యి కాయలు, పది మాటలు. ఆ పదిలో ఎనిమిది పిల్లల పేర్లే. అవి కూడా ఒకదానికోసం ఒకటి. ఒకణ్ణి పిలవాలంటే పెద్దాడి దగ్గర మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ వచ్చి, కావలసినవాడి దగ్గర ఆగుతాడు. చంటిదాన్ని పిలిచేసరికి మిగతా ఏడుగురూ వచ్చి ఎదురుగా నిలబడి ఉంటారు.

"ఎనిమిదిమందిని ఎలా సాకుతున్నావురా?" అని రేవులో ఎవరైనా అడిగితే, "నలుగురిదాకానే కష్టం. తర్వాత వాళ్ళే సాక్కుంటారు" అనేవాడు. అది నిజమే. ఆ ఇంట్లో మూడోది ఐదోవాడికి నీళ్ళు పోస్తుంది, ఐదోవాడు ఏడోవాడికి చొక్కా తొడుగుతాడు, ఆ చొక్కా నలుగురి ఒంటిమీదనుంచి దిగి వచ్చిందే.

పంచుకోవడానికి ఒప్పుకోనిది ఒక్కటే, కంచం. అందుకని ఎవరికి అన్నప్రాసన అయినా మేనమామ ఏడుకొండలు పేరు వేయించిన స్టీలు కంచం పట్టుకొచ్చేవాడు. ఏడుగురికీ తెచ్చాడు. చంటిదాని అన్నప్రాసన మాత్రం వరదలో, బడి మేడమీద, బాదం ఆకులో జరిగింది. ఏడుకొండలు సామాను కూడా ఆ వరదకే పోయింది. తర్వాత ఎవరికీ గుర్తులేదు. చంటిది నాన్నకి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని నాన్న కంచంలోనే తినడం మొదలుపెట్టింది. ఇటువైపు నాన్నది, అటువైపు దానిది. తనవైపు పూర్తిగా తిని, నాన్నవైపు వచ్చేది. తాతబ్బాయి కంచాన్ని కొంచెం అటు తిప్పేవాడు.

అలాంటి ఇంటిమీదికి ఉత్తర్వు వచ్చింది.

వరదలో లంకలోని రేషను కార్డులన్నీ నానిపోయాయి. ఎవరింట్లో ఎంతమందో చెప్పే కాగితం లేదు. పైవాళ్ళు మూడేళ్ళు ఆలోచించి, తప్పు వరదది కాదు, కాగితానిదని తేల్చారు. ఇకమీదట నీటికి చెరగని రాతలో పేరు ఉన్నవాళ్ళే ఆ ఇంటి మనుషులు. మిగతావాళ్ళు ఉన్నా లేనట్టే. ఈ ఉత్తర్వు కూడా కాగితంమీదే వచ్చింది. పడవలో తడిసి సగం అక్షరాలు పోయాయి. మిగిలిన సగాన్నే అమల్లో పెట్టారు.

అమలుపెట్టడానికి ఒక ఆఫీసరు గొడుగేసుకుని రేవు దిగాడు. వెనక ఒక గుమాస్తా.

"నేను ముసునూరి గోపాలస్వామిని" అన్నాడు అరుగెక్కి. "జలనిరోధక జనగణన ప్రత్యేకాధికారిని, పూర్తి అదనపు బాధ్యతలతో. తమరి కుటుంబ సభ్యుల విషయమై నీటికి చెరగని లిఖితపూర్వక ఆధారములు సమర్పించవలెను."

తాతబ్బాయి భార్య మంగాయమ్మ మజ్జిగ గ్లాసు అందించి, "పిల్లలున్నారు కదండీ బాబూ, లెక్కెట్టుకోండి" అంది.

"పిల్లలు లిఖితపూర్వకం కాదమ్మా."

ఆఫీసరు మజ్జిగ తాగి, గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిమీద ఏమీ లేదు. ఆ తర్వాత గూట్లో ఉన్న సామానంతా చూశాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఈ పాత్రలమీద ఉన్నవి పేర్లేనా?"

"పేర్లేనండి."

"వరదలో మునిగినవేనా?"

"మూడ్రోజులు మునిగాయండి. బురద తోమేసరికి నా చేతులు పోయాయి."

"అయినను చెరగలేదు!" అన్నాడు ఆఫీసరు, గుమాస్తా వైపు తిరిగి. "రాసుకోండి."

సామానంతా అరుగుమీదికి వచ్చింది. పిల్లల కంచాలు ఏడు, పేర్లు ఏడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత బిందె వచ్చింది. దానిమీద 'చి. తాతబ్బాయి వివాహమునకు పిల్లి సత్యం దంపతుల కానుక' అని ఉంది.

"సత్యం దంపతులు. ఇద్దరు" అన్నాడు ఆఫీసరు.

"ఆళ్ళు మా పెళ్ళికి చదివించారండి. ఆళ్ళు అవతలి గట్టున ఉంటారు" అంది మంగాయమ్మ.

"వారు ఎక్కడుంటున్నారన్నది నోటి మాట. పేరు ఎక్కడుందన్నది రికార్డు."

అలా బకెట్టుమీది దంపతులు ఎక్కారు. గంగాళం దంపతులు ఎక్కారు. బియ్యం డబ్బా ఇచ్చినందుకు రేషను డీలరు దొమ్మేటి వెంకన్న దంపతులు ఎక్కారు. పెద్ద గుండిగమీద 'కొబ్బరి ఒలుపు కార్మిక సంఘం వారి ప్రేమతో' అని ఉంది.

"సంఘంలో ఎందరు?"

"నేను కాక పద్నాలుగు" అన్నాడు తాతబ్బాయి. అది ఆ రోజు అతని రెండో మాట.

"పద్నాలుగు, ప్రేమతో" అని రాసుకున్నాడు గుమాస్తా.

తాతబ్బాయి పేరు వేరువేరు గిన్నెలమీద పంతొమ్మిదిసార్లు కనిపించింది. ఆఫీసరు కలం ఆపి, "ఈ పంతొమ్మిదిమంది తాతబ్బాయిలూ ఒక్కరే అనుటకు ఆధారమేమిటి?" అన్నాడు.

గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తున్న తాతబ్బాయి తల్లి నరసమ్మ అందుకుంది. "ఒక్కడికే ఎనిమిదిమంది పుట్టారు నాయనా. పంతొమ్మిదిమందైతే ఈ లంక సరిపోదు."

ఆఫీసరు దగ్గి, 'ఒక్కరు, విచారణకు లోబడి' అని రాయించాడు. తర్వాత నరసమ్మ పేరు ఏ గిన్నెమీదా లేదని తేలింది. ఆవిడ చెయ్యి చాపింది. మోచేతికింద పచ్చబొట్టు ఉంది. అది నీటికి చెరగనిదే. కానీ దానిమీద ఉన్నది ఇరవయ్యేళ్ళ కిందట పోయిన మొగుడి పేరు, సూరన్న.

"మామ్మగారూ, రికార్డు ప్రకారం తమరు సూరన్న."

"బతికినన్నాళ్ళూ ఆయన మాటే చెల్లింది" అంది నరసమ్మ చుట్ట దులుపుతూ. "ఇప్పుడు నేనే ఆయన్నయిపోయాను. బావుంది."

సాయంత్రానికి లెక్క తేలింది. ఒక్క కప్పు కింద నలభై ఒక్కమంది. ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు.

"ఇది కుటుంబం కాదు. ఇందుమూలముగా దీనిని వసతిగృహంగా పరిగణించడమైనది. తమరు వార్డెను. ఈమె వంటమనిషి, గ్రేడు రెండు."

"గ్రేడు రెండేంటండీ? ఒకటో గ్రేడు ఎవరు మరి?" అంది మంగాయమ్మ.

"ఒకటో గ్రేడుకి అనుభవ ధ్రువపత్రం కావాలమ్మా."

"ఎనిమిదిమందిని కని పెంచాను. పిలవనా?"

ఇంతలో నరసమ్మ లేచి పొయ్యిమీది పప్పు మూత తీసి, ఉప్పు చూసింది. ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "మామ్మగారూ! వసతిదారులు తాము వసతి పొందుచున్న సంస్థను తనిఖీ చేయుట నిషిద్ధం. ఎంతటివారైనా సరే. ఇది ముఖ్యమైన నిబంధన."

"ఉప్పు తక్కువైందే" అంది నరసమ్మ కోడలితో.

వెళ్ళేముందు సామాను మొత్తం స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. చివరి వరసలో 'పేరులేని గ్లాసు, ఒకటి' అని రాసి, ఆఫీసరు సంతకం పెట్టాడు.

ఒకరి పేరు ఒకచోటే ఉండాలి కాబట్టి, వారం తిరక్కుండా తాతబ్బాయి ఇంట్లో ఎక్కిన పేర్లన్నీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో కొట్టేశారు. మర్నాడు మూడు పడవలు నిండుగా వచ్చి రేవులో ఆగాయి. చాపలు, చెంబులు, మందుసీసాలు చంకన పెట్టుకుని పదహారేళ్ళ కిందటి పెళ్ళి మళ్ళీ దిగింది.

"మా పేర్లు మీ ఇంట్లో పడ్డాయంట కదరా తాతబ్బాయ్! మా బియ్యం ఆపేశారు. ఇంక ఇక్కడే తింటాం" అన్నాడు పిల్లి సత్యం.

రేషను డీలరు వెంకన్న అందరికన్నా మండిపోతున్నాడు. "ఊరంతటికీ బియ్యం కొలిచేది నేను. నా చేత్తో నాకు కొలుచుకోడానికి లేదంట. ఇదేం చోద్యం బావా?"

తాతబ్బాయి చేటలో ఒలిచిన కాయలు తెచ్చి అరుగుమీద పెట్టాడు. అదే అతని జవాబు.

ఎవరు ఎందులో తినాలన్న గొడవ మొదటిపూటే వచ్చింది. ఎవరి పేరున్న సామానులో వాళ్ళే తినాలన్నారు పైవాళ్ళు. సత్యం దంపతులు బిందె ముందు కూర్చున్నారు. చెయ్యి లోపలికి పోవడం లేదు. బకెట్టు దంపతులకి చెయ్యి పోతోంది కానీ అన్నం అందడం లేదు. సంఘం పద్నాలుగుమందీ గుండిగ చుట్టూ బానిసల్లా మోకాళ్ళమీద కూర్చున్నారు. అసలు నవ్వు వెంకన్న తమ్ముడు రాంబాబు దగ్గర పుట్టింది. పదహారేళ్ళుగా తాతబ్బాయి పెళ్ళికి గంగాళం ఇచ్చానని చెప్పుకు తిరుగుతున్న మనిషి. అతని పేరు వెతగ్గా వెతగ్గా ఉగ్గుగిన్నెమీద దొరికింది.

"గంగాళం చిక్కిపోయిందేంట్రా?" అన్నాడు సత్యం.

"మూడ్రోజులు నీళ్ళలో నానింది కదా" అన్నాడు రాంబాబు, ఉగ్గుగిన్నెలో నాలుగు మెతుకులు వేయించుకుంటూ.

"నానితే ఉబ్బుతాయి మామా!" అన్నాడు ఏడుకొండలు. అతనికి ఇక్కడ పేరు లేదు. అక్కకి సాయం చెయ్యడానికి వచ్చాడు.

పైనుంచి రావలసిన బియ్యం ఫైలులో కదులుతున్నాయి. అంతవరకూ మంగాయమ్మ కొబ్బరిపచ్చడి, కొబ్బరికూర, కొబ్బరిపాలలో ఉడికిన గంజి వండింది. గ్రేడు రెండు వంటే ఇంత బాగుంటే ఒకటో గ్రేడు తట్టుకోలేమని సంఘంవాళ్ళు అన్నారు.

హాజరు రోజూ ఉదయం పదిగంటలకి. మొదటిరోజు మనుషుల్ని పిలిస్తే సగంమంది రేవులో, సగంమంది తోటలో. ఆఫీసరు విసిగి, మనుషులు కదులుతారు కాబట్టి హాజరుకి పనికిరారని తీర్మానించాడు. రెండోరోజునుంచి గిన్నెల్ని అరుగుమీద వరసగా పెట్టి, వాటిమీది పేర్లు చదవడం మొదలైంది. గిన్నె ఉంటే మనిషి ఉన్నట్టు.

"పదిగంటలకు ఏ పాత్రమీద ఏ పేరుంటే, ఆ రోజుకి ఆ వ్యక్తి ఈ వసతిగృహవాసి. ఇందులో రెండో మాట లేదు" అన్నాడు.

పక్కింటికి పులుసు పంపిన చిన్నగిన్నె తిరిగిరాకపోవడంతో ఒక పెద్దమ్మ గైర్హాజరు పడింది. ఆవిడ ఎదురుగానే నిలబడి, "నేనిక్కడే ఉన్నాను కదా నాయనా" అంటోంది. "వ్యక్తిగతంగా ఉన్నారు. రికార్డు ప్రకారం పులుసుతో వెళ్ళారు" అన్నాడు గుమాస్తా.

మూడోరోజు హాజరు అయ్యేసరికి తాతబ్బాయి పనికి పొద్దుపోతోందని అరుగు చివర కంచం ముందు కూర్చున్నాడు. చంటిది వచ్చి ఎదురుగా కూర్చుంది. అటువైపు అన్నం తన దగ్గరికి లాక్కుంది.

ఆఫీసరు అటు చూశాడు. గుమాస్తా చేతిలో రిజిస్టరు తిరగేశాడు.

"ఈ బాలిక ఎవరు?"

"మా చంటిదండి" అంది మంగాయమ్మ.

"పాత్ర ఏది?"

"నా కంచంలో తింటాదండి" అన్నాడు తాతబ్బాయి.

"తమరి కంచంమీద తమరి పేరు మాత్రమే ఉన్నది. నలభై ఒక్కమందిలో ఈ బాలిక లేదు. లేని బాలిక ఉండుట చాలా తీవ్రమైన విషయం." ఆయన గొంతు నిజంగానే బరువెక్కింది. "రికార్డులో లేని మైనరును వసతిగృహంలో ఉంచరాదు. పట్నంలోని శిశు సంరక్షణాలయానికి అప్పగించవలసి ఉంటుంది. రేపు హాజరు కాగానే ఆయాతో పడవ వస్తుంది."

బిందెముందు కూర్చున్న సత్యం చెయ్యి బిందె మూతిదగ్గరే ఆగిపోయింది.

మంగాయమ్మ తేరుకుని, "మా తమ్ముడు ఇప్పుడే పట్నం వెళ్ళి కొత్త కంచం కొని పేరు వేయించుకొస్తాడండి బాబూ" అంది.

"కొత్త పాత్ర స్టాకులో ఎక్కాలంటే ఇండెంటు పెట్టాలి. ఆరునెలలు పడుతుంది. ఇప్పటికే రిజిస్టరులో ఉన్న పాత్రలే చెల్లుతాయి. అంతవరకూ బాలిక పట్నంలో క్షేమంగా ఉంటుంది. అక్కడ స్టీలు సామాను పుష్కలం."

చంటిది ఆఫీసరువైపు ఓసారి చూసి, తనవైపు అన్నం అయిపోవడంతో నాన్నవైపు వచ్చింది. తాతబ్బాయి కంచాన్ని తిప్పాడు.

వాళ్ళు పోయాక ఇంట్లో ఇరవై గొంతులు లేచాయి. ఆఫీసరుని రేవులో ముంచుదామన్నారు సంఘంవాళ్ళు. పిల్లని కొబ్బరిగాదెలో దాచుదామన్నాడు రాంబాబు. నరసమ్మ, "దాని చేతిమీద పచ్చబొట్టు పొడిపిద్దాం" అంటే మంగాయమ్మ ఏడ్చింది. చివరికి ఆ ఏడుపులోనే ఆవిడకి తట్టింది.

"ఏవయ్యా, పేరులేని గ్లాసొకటి రిజిస్టరులో ఉంది కదా! ఆయన మజ్జిగ తాగింది. దానిమీద చంటిదాని పేరు వేయించు. నువ్వే వెళ్ళు. ఈళ్ళని పంపితే దారిలో ఇంకెవడి పేరో వేయించుకొస్తారు."

తాతబ్బాయి తలూపాడు. గ్లాసు తీసి సంచిలో వేశాడు. కొంతసేపు ఆగి తన కంచాన్ని కూడా తీసి తుడిచి, దాన్నీ వేశాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి పడవకే అవతలి గట్టుకి వెళ్ళాడు. స్టీలు సామాన్ల కొట్టు తీసేదాకా మెట్లమీద కూర్చున్నాడు. కొట్టువాడు తాళం తీసి, పేర్లు వేసే మిషనుకి కరెంటు పెట్టి, గ్లాసు అందుకోబోయాడు.

"ముందు కంచం" అన్నాడు తాతబ్బాయి. "నా పేరు కింద."

"ఏం పేరు?"

తాతబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "నూకరాజు, వీరబాబు, ధనకొండ..."

మిషను బుర్రుమంది.

"ఆగు!" అన్నాడు తాతబ్బాయి గట్టిగా. "చిన్నారావు, మాణిక్యం, బుల్లిరాజు, సూరిబాబు..." అని వేళ్ళు మడుచుకుంటూ చివరిదాకా వచ్చాడు. "నాగమల్లి. అది వెయ్యి."

అక్షరాలు పడుతుంటే స్టీలుపొడి మెరుస్తూ రాలింది. తాతబ్బాయి వేలుతో తడిమి, పేరు తన పేరుకింద సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నాడు.

"గ్లాసుమీద కూడా ఇదేనా?"

"కాదు." తాతబ్బాయి సంచి మడిచాడు. పదహారేళ్ళలో అంత పొడుగు మాట అతను ఎన్నడూ అనలేదు. "ముసునూరి గోపాలస్వామి, జలనిరోధక జనగణన ప్రత్యేకాధికారి, పూర్తి అదనపు బాధ్యతలతో."

"ఇంత చిన్న గ్లాసుమీదా?"

"చుట్టూ తిప్పు."

గ్లాసు చుట్టూ రెండు వరసలు వచ్చింది. తొమ్మిదిన్నరకి అతను ఇంటికి చేరాడు. సామానంతా అరుగుమీద వరసగా పెట్టి ఉంది. బిందె, బకెట్టు, గంగాళం, గుండిగ, ఏడు కంచాలు, చివర ఉగ్గుగిన్నె. ఉగ్గుగిన్నె పక్కన గ్లాసు పెట్టి, 'ముసునూరి' అన్న అక్షరాలు దారివైపు ఉండేలా తిప్పాడు.

రేవుగట్టుమీద గొడుగు కనిపించింది. దాని వెనక గుమాస్తా, ఆయా.

మంగాయమ్మ గ్లాసుదగ్గరికి వంగి, కూడబలుక్కుంటూ చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వసతిదారులు తనిఖీ చెయ్యకూడదని, ఎంతటివారైనా సరేనని ఆయనే అన్నాడు కదత్తా" అంది నరసమ్మతో. తాతబ్బాయి కాళ్ళు కడుక్కుని, కంచంలో చద్దన్నం పెట్టించుకుని, పెరుగు కలిపి, అరుగుమీద వరసకి చివర్లో కూర్చున్నాడు.

"నాగమల్లీ" అని పిలిచాడు.

ఒక్కతే వచ్చి ఎదురుగా కూర్చుంది. తాతబ్బాయి కంచాన్ని కొంచెం అటు తిప్పాడు.